డాక్టరు వంతు బియ్యం

నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో, మెట్రో స్తంభాల నీడ పడే ఒక సందులో బిచ్చయ్య దుకాణం ఉంది. వెడల్పు ఆరడుగులు. బోర్డు లేదు. పుస్తకం కుట్టించుకునేవాళ్ళకు దారి తెలుసు. తెలియనివాళ్ళు పక్కనున్న జిరాక్సు దుకాణం దగ్గర ఆగిపోతారు. అది ఆయన కొడుకు అంజన్‌ది. తండ్రి ఒక పుస్తకం కుట్టేలోపు కొడుకు ముప్పై రిపోర్టులకు ప్లాస్టిక్ చుట్టలు దూర్చి పంపిస్తాడు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక చెక్క గోడ. గోడకు ఒక కిటికీ. కిటికీలోంచి రోజంతా టీ గ్లాసులూ, ఎత్తిపొడుపులూ అటూ ఇటూ పోతుంటాయి.

బిచ్చయ్యకు డెబ్భై ఒకటి. పదహారో ఏట తండ్రి సాయన్న పక్కన కూర్చుని సూది పట్టాడు. వకీళ్ళ లా పుస్తకాలు, కాలేజీ లైబ్రరీల సంపుటాలు, గుడి లెక్కల దస్తరాలు, అన్నీ ఆ చేతుల మీదుగా పోయినవే. ఆదివారం అబిడ్స్ పోతాడు. పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరిచేవాళ్ళ దగ్గర వీపు ఊడినవాటిని ఏరి సంచీలో వేసుకొచ్చి, మరుసటి ఆదివారానికి బాగుచేసి ఇస్తాడు. ఇంగ్లీషు చదవడం రాదు. పెద్దక్షరాలు మాత్రం వస్తాయి. పుస్తకం వీపు మీద బంగారు రేకుతో పేరు అద్దే ఇత్తడి అచ్చులు అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి. ఆ అక్షరాలను ఆయన అలాగే, తిరగేసి నేర్చుకున్నాడు.

ఇంట్లో ఆయన మాట వినేది కోడలు. ఆయన వినవలసిన మాట అక్క నర్సవ్వది. ఆమెకు ఎనభై రెండు. భర్త పోయిన తర్వాత తమ్ముడి దగ్గరికి వచ్చి పాతికేళ్ళయింది. మోకాళ్ళు సహకరించవు, గొంతు సహకరిస్తుంది.

నిరుడు పెత్రమాస నాడు జరిగిన దానితో ఈ కథ మొదలయింది. పెత్రమాస అంటే భాద్రపదం చివర వచ్చే అమావాస్య. తెలంగాణలో చాలా ఇళ్ళలో ఆ రోజు పోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇస్తారు. ఒక్కో పేరుకు ఒక్కో వంతు. బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, రెండు కూరగాయలు. అయ్యగారు పేరూ గోత్రమూ చెప్పి, నీళ్ళు వదిలించి, వంతు తీసుకుంటాడు. బిచ్చయ్య ఇంట్లో పేర్ల జాబితా ఒక చిన్న పుస్తకంలో ఉంది. సాయన్న తన చేత్తో రాసి, తన చేత్తో కుట్టిన పుస్తకం. మొదటి పేజీలో 1951 అని ఉంది. ఆ ఏడే సాయన్న తండ్రి పోయాడు. అందులో తాత, నానమ్మ, ముత్తాత, చిన్నప్పుడే పోయిన ఇద్దరు పిల్లలు, చిట్టచివర బిచ్చయ్య చేర్చిన తల్లిదండ్రులు. ప్రతి పేరుకూ ఎదురుగా ఇంటి గోత్రం. ఆరో వరసలో మాత్రం ‘డాక్టరు’ అని ఒక్క మాట. గోత్రం రాయవలసిన చోట ఒక గీత.

నలభై ఏళ్ళు బియ్యం తీసుకున్న పాత అయ్యగారు ఈ సంగతి ఎప్పుడూ అడగలేదు. ‘డాక్టరు’ అన్న మాటనే పేరులా మంత్రంలో కలిపేసేవాడు. ఆయన పోయాడు. నిరుడు ఆ స్థానంలో సోమయాజులు కూర్చున్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ముప్పై ఏళ్ళ మనిషి. పని తొందరగా చేస్తాడు, కాని వదలడు.

“డాక్టరు అంటే వృత్తి కదండీ. పేరు చెప్పండి.”

“పేరు తెల్వదయ్యా. మా తాతలల్ల ఒకాయన డాక్టరట. గంతే.”

“పోనీ గోత్రం?”

బిచ్చయ్య పుస్తకం చూపించాడు. సోమయాజులు ఆ గీతను కాసేపు చూశాడు. “గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యపమని చెప్పుకోవచ్చండీ. కానీ పేరు కూడా లేకుండా ఎవరికని ఇస్తాను? ఈసారికి దణ్ణం పెట్టుకోండి. వచ్చే ఏటికి కనుక్కుని రండి. మీ ఇంటి మనిషేగా.”

వెనక వరసలో ముప్పైమంది ఉన్నారు. బిచ్చయ్య ఆ వంతును సంచీలో తిరిగి పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

నర్సవ్వ గుమ్మంలోనే సంచీ బరువు చూసింది. “గిదేంది? గిన్ని బియ్యం మిగిలినయ్?”

సంగతి చెప్పాడు. ఆమె మంచం మీద కూర్చుండిపోయింది.

“ఇచ్చిన బియ్యం ఇంటికొచ్చుడేంది రా! ఆయన ఆకలితోని పోయినట్టే గదా.”

“కాశ్యప గోత్రమని చెప్పొచ్చట అక్కా. వచ్చే ఏడు గట్ల చెప్పిద్దాం.”

“ఎవ్వరూ లేనోళ్ళకు చెప్పేది మనింటాయనకు చెప్తవా? సిగ్గు లేదు?”

ఆ బియ్యాన్ని ఇంట్లో ఎవరూ వండలేదు. మర్నాడు నర్సవ్వ వీధిలో ఆవుకు పెట్టించింది. అప్పటి నుంచి ఆమెది ఒకే మాట. వచ్చే పెత్రమాస వరకు తను ఉంటుందో లేదో తెలియదు. పోయేలోపు డాక్టరు పేరు దొరకాలి. ఆ వంతు ఆయనకు అందాలి.

ఆమె పట్టుదలకు కారణం ఉంది. ఏడేళ్ళప్పుడు ఆమెకు విషజ్వరం వచ్చింది. ఇక దక్కదని అందరూ అనుకున్నారు. ఒక సాయంత్రం తల్లి ఆమెను చెద్దరులో చుట్టి, ఎక్కడికో ఎత్తుకుపోయింది. ఒక గది, సబ్బు వాసన, ఛాతీ మీద చల్లగా తగిలిన ఏదో బిళ్ళ, వంగి చూసిన ఒక నెరిసిన మీసాల మొగాయన. గుర్తున్నది అంతే. తిరిగి వచ్చేటప్పుడు తల్లి చెప్పింది, తాత అడిగితే గుడికి పోయినమని చెప్పాలని. ఆయనే ఈ డాక్టరేమో అని ఆమెకు అప్పుడప్పుడూ అనిపించేది. కాని తను పుట్టకముందే పోయాడని ఇంట్లో చెప్పే మనిషి మందెట్లా ఇస్తాడు? ఆ లెక్క కుదరక ఊరుకునేది.

బిచ్చయ్య ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తీశాడు. రేకు పెట్టెలో పాత రేషన్ కార్డులు, కిరాయి చీటీలు, ఎవరివో ఉర్దూ రసీదులు ఉన్నాయి. ఉర్దూవి కోర్టు దగ్గర దరఖాస్తులు రాసే ఒక ముసలాయన చదివిపెట్టాడు. అన్నీ బొగ్గు కొన్నవీ, కట్టెలు కొన్నవీ. జనగామ దగ్గర ఊళ్ళో మిగిలిన చుట్టాలకు ఫోన్లు చేశాడు. డాక్టరా, మనోళ్ళల్లనా అని వాళ్ళు నవ్వారు. చలికాలం పోయింది. జనవరిలో నాంపల్లి మైదానంలో ఎగ్జిబిషన్ పెట్టారు, తీసేశారు. ఎండాకాలం కూడా సగం అయింది.

దారి దొరికింది జిరాక్సు దుకాణంలో. జాబితా పుస్తకం చివికిపోతోందని, ఒక కాపీ తీసి పెడతానని అంజన్ తీసుకున్నాడు. మిషను అద్దం మీద బోర్లా పెట్టాడు. కాసేపటికి కిటికీలోంచి పిలిచాడు.

“నాయినా, గీ పుస్తకం అద్దం మీద సక్కగ కూసుంటలేదు. ఎనక అట్ట లావున్నది. మీ నాయిన పనితనం గిట్లనే ఉంటుండెనా?”

అది మామూలు ఎత్తిపొడుపే. కాని బిచ్చయ్య సూది పక్కన పెట్టి లేచాడు. పుస్తకం అందుకుని రెండు అట్టలనూ వేళ్ళ మధ్య పట్టి చూశాడు. ముందు అట్ట పల్చన. వెనక అట్ట దాదాపు రెండింతలు. ఇన్నేళ్ళూ ఏడాదికి ఒకసారి ఆ పుస్తకం విప్పి పేర్లు చదివి మూసేశాడు తప్ప, పనివాడి చేతితో ఎప్పుడూ పట్టుకోలేదు.

“మా నాయిన అట్టల తేడా రానియ్యడు,” అన్నాడు. “కావాల్నని చేసిండు.”

అప్పట్లో అట్టలు బజారులో కొనేవాళ్ళు కాదు. పాత కాగితాలను మైదా జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి, రాయి కింద పెట్టి ఆరబెట్టి, అట్ట చేసుకునేవాళ్ళు. సాయన్న చేసిన అట్టలో ఏ కాగితాలు ఉన్నాయో పైనుంచి ఎవరికీ తెలియదు. బిచ్చయ్య దుకాణం షట్టరు సగం దించాడు. తడి స్పంజితో వెనక అట్టను అద్దుతూ, కాగితం మడతలు నొక్కే ఎముక బద్దతో ఒక్కో పొర లేపుతూ మూడు గంటలు కూర్చున్నాడు. మైదా జిగురులో ఉన్న మంచి గుణం అదే, తడిపితే వదిలేస్తుంది. తండ్రి ఫెవికాల్ కాలం మనిషి కాకపోవడం కలిసివచ్చింది.

రెండు పొరల పాత క్యాలెండరు కింద మూడు కాగితాలు వచ్చాయి. మూడూ ఒకే రకం. పైన నీలం అచ్చులో ఇంగ్లీషు పెద్దక్షరాల పేరు, కింద నాంపల్లి స్టేషను రోడ్డు అని ఉర్దూలోనూ తెలుగులోనూ. బిచ్చయ్య వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. డాక్టర్ ఆర్. దేవదానం.

మొదటి రెండూ మందుల చీటీలు. ఒకదాని మీద తెలుగులో 1949, నర్సవ్వ, ఏడు సంవత్సరాలు అని ఉంది. మూడోది ఉత్తరం. 1954 నాటిది, అంటే ఆ వెనక అట్ట సాయన్న తర్వాతెప్పుడో మార్చి వేసింది. తెలుగులో, ఒత్తుగా, నిలువుగా ఉన్న అక్షరాలు.

ఆ సాయంత్రం బిచ్చయ్య అక్క మంచం పక్కన కూర్చుని చదివాడు.

“చి. సాయన్నకు. పెత్రమాస నాడు నాకు బియ్యం ఇస్తున్నావని తెలిసింది. అందుకు నువ్వు బాధపడవద్దు. అన్న పోయేటప్పుడు చెప్పిన మాట నువ్వు తీసేయకూడదు. బతికి ఉండగానే బియ్యం అందుకునే యోగం ఎంతమందికి ఉంటుంది? ఒకటే మనవి. నాకు తోటకూర పడదని ఇంట్లో అందరికీ తెలుసు. నా వంతులో చిక్కుడుకాయ పెట్టించు. మొన్న ఆదివారం అబిడ్సులో చర్చి నుంచి వస్తూ నిన్ను చూసినాను. నువ్వు చూడనట్టే పోయినావు. నీ పక్కన మనవాళ్ళు ఉన్నారు, మంచి పనే చేసినావు. నా పేరు మాత్రం ఎక్కడా రాయవద్దు. నీకు ఇబ్బంది. పిల్ల ఒళ్ళు చేసిందా? రాజలింగం.”

కింద పేరు ఇంటివాళ్ళు పెట్టింది. పైన అచ్చులో ఉన్నది ఆయన పెట్టుకున్నది. తాతకు తోడబుట్టిన తమ్ముడు క్రైస్తవంలో కలిశాడు. తాత ఆయన పేరు మీద నీళ్ళు వదిలేశాడు. పోయినవాళ్ళలో కలిపేసి, బియ్యం ఇవ్వమని కొడుకుకు చెప్పి పోయాడు. కొడుకు ఏటా పొద్దున ఆయన పేరు మీద బియ్యం ఇచ్చి, ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే సాయంత్రం ఆయన దగ్గరే మందు తెచ్చాడు. రాజలింగం ఎందుకు మారాడో, ఎప్పుడు మారాడో మూడు కాగితాల్లోనూ లేదు.

నర్సవ్వ ఆ ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత, “గందుకేనా!” అన్నది. “డాక్టరు వంతుల అమ్మ తోటకూర పెట్టనియ్యకపోయేది. ఎందుకే అంటే, పెట్టొద్దంటే పెట్టొద్దు అనేది.”

ఆ తర్వాత కోపం వచ్చింది. తాత మీద.

“నన్ను బతికిచ్చినాయనను బతికుండంగనే సంపిన్రు గదరా! మా తాత ఎంత మొండోడు! రోజూ గీ నాంపల్లిలనే తిరుగుతుంటిమి. తొవ్వల కనవడితె మాట్లాడనియ్యకపాయె.”

అంజన్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. “అయితే ఒడిసింది గదా అత్తా,” అన్నాడు. “ఆయన వాళ్ళల్ల కలిసిండు. వాళ్ళకు బియ్యమిచ్చుడు ఉండది. పుస్తకంలకెల్లి ఆ పేరు తీసేస్తే ఫికర్ లేదు.”

“తీసేసుడు మీ ముత్తాత చేసిండు,” అన్నది నర్సవ్వ. “మల్లా నువ్వు చేస్తవా? పోయి నీ మిషను సూసుకో.”

అయితే ఆమెను కొత్త దిగులు పట్టింది. ఆయన పోయాడో లేదో అన్న సందేహం లేదు, ఉంటే నూట ఇరవై దాటాలి. ఎప్పుడు పోయాడు, పోయినప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా అని ఆమెకు తెలియాలి. దిక్కులేకుండా పోయిన మనిషికి మంత్రం వేరట, ఎవరో చెప్పారు. ఆషాఢం అయ్యేలోపు బిచ్చయ్య అబిడ్స్ చుట్టుపక్కల చర్చీలు తిరిగాడు. మొదటి చోట వాచ్‌మన్ దాటనివ్వలేదు. రెండో చోట ఆఫీసులో కరుణాకర్ అనే గుమాస్తా ఉన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, మెడలో రెండు కళ్ళజోళ్ళు.

“సమాధుల రిజిస్టర్లు ఉన్నయ్ పెద్దాయనా. కానీ ముట్టుకుంటే పేజీలు ఊడి చేతికొస్తున్నయ్. తియ్యొద్దని పాస్టరుగారు చెప్పిన్రు.”

బిచ్చయ్య బీరువా అద్దంలోంచి చూశాడు. “కుట్లు తెగినయ్. దారం చెడగొట్టినోడెవడో టేపు కూడ ఏసిండు. నేను కుట్టి ఇస్త. నాకు చూపిస్తవా?”

“బయటికియ్యం మరి.”

“బయటికెందుకు? గీడనే కూసుంట.”

మూడు మధ్యాహ్నాలు ఆయన చర్చి వెనక గదిలో చాప వేసుకుని కూర్చున్నాడు. టేపు ఊడదీసి, పేజీలను మడతల వారీగా పేర్చి, పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపి నాలుగు రిజిస్టర్లు కుట్టాడు. కుట్టే ముందు ప్రతి పేజీలోని పేర్ల మీదుగా వేలు పోనిచ్చాడు. రాత అంతా గొలుసుకట్టు ఇంగ్లీషు. ఆయనకు అందేది కాదు. అప్పుడప్పుడూ కరుణాకర్ కళ్ళజోడు మార్చుకుని వంగి చదివేవాడు. మూడో రోజు, మూడో రిజిస్టరులో, బిచ్చయ్య వేలు తనంతట తనే ఆగింది. ఆ పేజీ మొత్తం ఇంగ్లీషు. చివరి గడిలో ఒక్కచోట తెలుగు సంతకం. ‘సాయన్న’. న ఒత్తును కిందికి లాగి, కుడివైపు చిన్న కొక్కెం తిప్పే ఆ సంతకాన్ని ఆయన ఇరవై ఏళ్ళు బిల్లుల మీద చూశాడు.

“గిదేందో చదువు తమ్మీ.”

కరుణాకర్ చదివాడు. “1963 ఫిబ్రవరి. డాక్టర్ దేవదానం. అరవై రెండేళ్ళు. భార్య ముందే పోయింది, పిల్లలు లేరు. ఖననం... నారాయణగూడల. సమాచారం ఇచ్చి, దగ్గరుండి జరిపించినవారు... గీడ సంతకం ఉన్నది. పక్కన చుట్టరికం రాసిన్రు.”

“ఏం రాసిన్రు?”

“అన్న కొడుకు.”

బిచ్చయ్యకు అప్పుడు పదేళ్ళు ఉండాలి. ఆ ఫిబ్రవరిలో ఏ రోజూ తండ్రి ఇంటికి ఆలస్యంగా వచ్చినట్టు గుర్తులేదు. ఏడ్చినట్టు గుర్తులేదు. అట్టలో అంటించి దాచిన చుట్టరికాన్ని సాయన్న ఈ ఒక్క గడిలో సంతకం పెట్టి మరీ చెప్పుకున్నాడు. చదివేవాళ్ళెవరూ తన ఇంటివాళ్ళు కారని తెలిసి చెప్పుకున్నాడు.

ఆ పేజీని బిచ్చయ్య మిగతా పేజీల కంటే ఎక్కువ శ్రద్ధగా కుట్టలేదు. అన్నీ ఒకేలా కుట్టాడు. చేతి అలవాటు అది.

ఇంటికి వచ్చి చెబితే నర్సవ్వ రెండుసార్లు అడిగింది, సంతకం నాయినదేనా అని. రెండోసారి కూడా ఔనన్నాక, “అయితే దిక్కులేక పోలే,” అని పక్కకు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున లేస్తూనే ఏం చేయాలో తేల్చేసింది.

“రాజలింగమని చెప్పొద్దు. ఇంట్ల పెట్టిన పేరు ఇంట్లోళ్ళే తీసేసిన్రు. ఆయన పెట్టుకున్న పేరు చెప్పు. గోత్రం అంటగట్టకు. ఆయన ఇడిసిపెట్టిండు, మనం మల్ల ముడెయ్యొద్దు. ఆయన అడిగింది చిక్కుడుకాయ. గది పెట్టు.”

“అయ్యగారు ఒప్పుకుంటడో లేదో.”

“నేనొస్త. నాకు చెప్పమను.”

ఈ ఏడు పెత్రమాస నాడు నర్సవ్వ ఆటోలో వచ్చింది. నాంపల్లి గుడి అరుగు మీద సోమయాజులు ముందు వరస నిరుడంతే పొడుగ్గా ఉంది. సునంద, అంజన్ భార్య, సంచీలు మోసింది. అంజన్ రాలేదు, దుకాణం అన్నాడు. ఐదు పేర్లూ ఐదు వంతులూ గబగబా అయిపోయాయి. ఆరో ఆకులో చిక్కుడుకాయలు పోశారు.

“కనుక్కున్నారాండీ పేరు?” అన్నాడు సోమయాజులు. మరిచిపోలేదు.

“దేవదానం,” అన్నాడు బిచ్చయ్య.

సోమయాజులు చేతిలో చెంబు ఆగింది. బిచ్చయ్య ముఖంలోకి చూశాడు, తర్వాత ముసలామె ముఖంలోకి.

“గోత్రం?”

“లేదయ్యా,” అన్నది నర్సవ్వ. “ఆయనకు అక్కర లేకుండె.”

“మీకేమవుతారమ్మా?”

“మా తాత తమ్ముడు. చర్చిల కలిసిండు. నాకు పాణం పోసిన డాక్టరు. డెబ్బై ఏండ్ల సంది బియ్యం ఇస్తున్నం, నిరుడు నువ్వు ఆపినవ్.”

వెనక నుంచి ఎవరో, “జర జల్ది కానియ్యున్రి అవ్వా, ఆఫీసుకు పోవాలె,” అన్నారు.

“నువ్వు పో బిడ్డా, నీ ఆఫీసు యాడికి పోదు,” అన్నది నర్సవ్వ వెనక్కి తిరగకుండానే.

సోమయాజులు చెంబు కింద పెట్టాడు. నిరుడు తొందరపడ్డానేమో అన్న సందేహం ఆ ముఖంలో ఉందో లేదో చెప్పడం కష్టం. “చుట్టాలు కాకపోయినా మేలు చేసినవాళ్ళకి, స్నేహితులకి, గురువులకి ఇచ్చే వంతు ఒకటి ఉందమ్మా. దానికి గోత్రంతో పని లేదు. ఆ మాట కింద చెప్తాను. సరేనా?”

“చుట్టం కాదని ఎవరన్నరు? చుట్టమే. కానీ నువ్వు ఏ మాట కిందనన్న చెప్పు. పేరు మాత్రం మింగకు.”

బిచ్చయ్య చెయ్యి చాపాడు. సోమయాజులు నువ్వులు వేసి నీళ్ళు పోశాడు. మంత్రం మధ్యలో పేరు వచ్చింది. స్టేషనులో అప్పుడే ఒక రైలు కూత వేసింది.

నర్సవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

“ఇనవడలే,” అన్నది. “ఇంకొక్కపారి.”

సోమయాజులు కూత ఆగేదాకా ఆగి, మళ్ళీ చెప్పాడు.